రిటర్న్ మనమే వేసుకోవాలా, ఆడిటర్ దగ్గరికి వెళ్లాలా? అసలు తేడా ఎక్కడొస్తుంది

జూలైలో ఆదాయపు పన్ను రిటర్నుల కాలం వచ్చిందంటే ఆఫీసులో ఒకరు "పది నిమిషాల పని, ఫోన్లోనే అయిపోతుంది" అంటారు. ఇంటికొస్తే పెదనాన్న "ఆ ఆడిటర్ గారికే ఇచ్చెయ్యరా, రేపు నోటీసొస్తే ఎవరు తిరుగుతారు" అంటారు. రెండూ నిజమే. కాకపోతే ఒకరు మాట్లాడేది లెక్క కట్టే పని గురించి, ఇంకొకరు మాట్లాడేది ఆ లెక్కకి ముందూ వెనకా ఉండే పని గురించి.

ఈ ఏడాది గందరగోళం ఇంకాస్త ఎక్కువగా ఉంది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2025 చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. సెక్షన్ల నంబర్లు మారాయి, "అసెస్‌మెంట్ ఇయర్" (ఆదాయం వచ్చిన ఏడాదికి తర్వాతి ఏడాది) పోయి "ట్యాక్స్ ఇయర్" వచ్చింది. అయితే 2025-26లో సంపాదించిన ఆదాయానికి వేసే రిటర్న్ పాత చట్టం ప్రకారమే. కింద ఇచ్చిన సెక్షన్ నంబర్లు, లెక్కలు అన్నీ ఆ ఏడాదివే.

లెక్క కట్టడం వేరు, ఏ గడిలో వేయాలో తేల్చడం వేరు

రిటర్న్ అంటే ఏడాదిలో మనకొచ్చిన ఆదాయం ఎంత, దాని మీద పన్నెంత, ఇప్పటికే ఎంత కట్టాం అని ప్రభుత్వానికి మనం ఇచ్చే వాంగ్మూలం. అందులో కూడికలు, తీసివేతలు, శ్లాబులు, సెస్, వడ్డీ ఉంటాయి. ఈ లెక్కల్లో మనిషి పొరబడతాడు గానీ యంత్రం పొరబడదు. ఈ విషయంలో వాదన అక్కర్లేదు. ఆడిటర్ గారి ఆఫీసులో కూడా చివరికి ఈ లెక్క కట్టేది సాఫ్ట్‌వేరే.

అంతకు ముందు జరిగే పని ఇంకొకటి ఉంది. ఈ రూపాయి జీతమా, వ్యాపార ఆదాయమా, ఆస్తి అమ్మితే వచ్చే మూలధన లాభమా? నాదా, మా అమ్మదా? ఈ ఏడాదిదా, పోయిన ఏడాదిదా? అసలు పన్ను పడేదేనా? దీనికి జవాబు దొరికాకే రూపాయి ఒక గడిలోకి వెళ్తుంది. తప్పు గడిలో పడితే లెక్క ఎంత కచ్చితంగా ఉన్నా జవాబు తప్పే. సొంతంగా వేసుకోవాలా, ఆడిటర్‌కి ఇవ్వాలా అన్నది ఎక్కువగా ఇక్కడే తేలుతుంది.

"ఆడిటర్" అని మనం ఎవరెవర్ని అంటున్నాం

మన ఊళ్లలో పన్ను కాగితాలు చూసే ప్రతివాళ్లనీ "ఆడిటర్ గారు" అనేస్తాం. చట్టం దృష్టిలో వాళ్లంతా ఒకటి కాదు. చార్టర్డ్ అకౌంటెంట్ (సీఏ) అంటే 1949 చట్టం కింద ఏర్పడిన ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ చార్టర్డ్ అకౌంటెంట్స్ ఆఫ్ ఇండియాలో సభ్యుడు. తప్పు చేస్తే ఆ సంస్థ విచారించి చర్య తీసుకోగలదు. సంతకం చేసే సర్టిఫికెట్లకి యూడీఐఎన్ అనే నంబరు ఉంటుంది, అది అసలుదో కాదో ఎవరైనా ఆన్‌లైన్‌లో సరిచూసుకోవచ్చు. పన్ను కేసులు చూసే లాయర్లు, కాస్ట్ అకౌంటెంట్లు వేరే వర్గం. వాళ్లు కూడా అధికారుల ముందు మన తరఫున హాజరు కావచ్చు. ఇక మూడో వర్గం "ట్యాక్స్ కన్సల్టెంట్" బోర్డు పెట్టుకున్నవాళ్లు. మామూలు రిటర్న్ తయారు చేయడానికి మన దేశంలో లైసెన్సేమీ అక్కర్లేదు. వీళ్లలో ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న నిజాయితీపరులున్నారు, నిన్నగాక మొన్న మొదలుపెట్టినవాళ్లూ ఉన్నారు.

వ్యాపార లెక్కలని తనిఖీ చేసే ట్యాక్స్ ఆడిట్ మాత్రం సీఏ తప్ప ఇంకెవరూ చేయకూడదు. వ్యాపార టర్నోవర్ 1 కోటి దాటినా, నగదు లావాదేవీలు 5 శాతం మించనివాళ్లకైతే 10 కోట్లు దాటినా ఆడిట్ తప్పదు. అలాంటివాళ్ల ముందు సాఫ్ట్‌వేరా, ఆడిటరా అనే ప్రశ్నే లేదు.

సాఫ్ట్‌వేర్ అన్నా ఒకటి కాదు. ఆదాయపు పన్ను శాఖ సొంత పోర్టల్ ఉంది, ఉచితం. జీతం, టీడీఎస్ (మన చేతికి రాకముందే కోసే పన్ను), బ్యాంకు వడ్డీ చాలావరకు ముందే నింపి ఇస్తుంది. దాని పైన ప్రైవేటు వెబ్‌సైట్లు, యాప్‌లు ఉన్నాయి. అవి షేర్ బ్రోకర్ల నుంచి లావాదేవీలు తెచ్చుకుంటాయి, ప్రశ్నలు సులువైన మాటల్లో అడుగుతాయి. కొన్ని ఎక్కువ డబ్బు తీసుకుని వెనక ఒక మనిషిని కూడా ఇస్తాయి. ఎలా వేసినా రిటర్న్ చేరేది ఒక్కచోటికే, బెంగళూరులోని సెంట్రలైజ్డ్ ప్రాసెసింగ్ సెంటర్‌కి.

యంత్రం ఒక్క క్షణంలో తేల్చేది: 14 లక్షల జీతం, రెండు విధానాలు

ఏడాదికి 14 లక్షల జీతం ఉన్న ఉద్యోగిని తీసుకుందాం. ఆయన ముందు రెండు విధానాలుంటాయి: రేట్లు తక్కువై మినహాయింపులు చాలావరకు లేని కొత్తది, మినహాయింపులున్న పాతది. లెక్క తేలిగ్గా ఉండటానికి ప్రొఫెషన్ ట్యాక్స్ పక్కన పెడదాం. కొత్త విధానంలో 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ పోగా 13,25,000 మిగులుతుంది. మొదటి 4 లక్షలకి పన్ను లేదు. తర్వాతి 4 లక్షలకి 5 శాతం చొప్పున 20 వేలు, ఆ తర్వాతి 4 లక్షలకి 10 శాతం చొప్పున 40 వేలు, మిగిలిన 1,25,000కి 15 శాతం చొప్పున 18,750. మొత్తం 78,750. దానికి 4 శాతం సెస్ కలిపితే 81,900.

అదే మనిషి పాత విధానంలోకి వెళ్లి స్టాండర్డ్ డిడక్షన్ 50 వేలు, 80సీ కింద (పీఎఫ్, ఎల్‌ఐసీ లాంటి పొదుపులు) లక్షన్నర, గృహరుణం వడ్డీ 2 లక్షలు, ఆరోగ్య బీమా 25 వేలు చూపిస్తే 9,75,000 మిగులుతుంది. పన్ను సెస్‌తో కలిపి 1,11,800. అంటే కొత్త విధానమే మేలు. కానీ ఆయన సొంతిల్లు వేరే ఊళ్లో ఉండి, ఉద్యోగం చేసే ఊళ్లో అద్దెకుంటూ, ఇంటద్దె అలవెన్సు (హెచ్‌ఆర్‌ఏ) మినహాయింపు 2,40,000 వచ్చిందనుకోండి. అప్పుడు పాత విధానంలో పన్ను 61,880కి దిగుతుంది. కొత్తదానికంటే 20 వేలు తక్కువ.

కాగితం మీద ఇది అరగంట పని, సాఫ్ట్‌వేర్ రెండు అంకెలూ పక్కపక్కనే చూపిస్తుంది. దీనికోసం ఇంకొకరికి ఫీజు ఇవ్వాల్సిన అవసరం నాకు కనిపించదు. కాకపోతే ఆ 2,40,000 నిజంగా వస్తుందా లేదా అన్నది యంత్రానికి తెలియదు. అద్దె అమ్మకి కడుతున్నారా, కడితే బ్యాంకు ద్వారా పంపారా, ఆ అద్దెని అమ్మ తన ఆదాయంలో చూపించుకుంటున్నారా అని అది అడగదు. నింపిన అంకెని నమ్ముతుంది.

ఏడాది మధ్యలో ఉద్యోగం మారితే ఇంకో చిక్కు. ఇదే 14 లక్షల స్థాయి జీతంతో ఆరు నెలలు ఒక కంపెనీలో, ఆరు నెలలు ఇంకో కంపెనీలో చేశారనుకుందాం. మొదటి కంపెనీ ఏడాది మొత్తానికి అంచనా వేసి నెలనెలా కోస్తూ వచ్చింది, మానేసేసరికి 40,950 కట్ అయింది. రెండో కంపెనీకి పాత జీతం సంగతి చెప్పలేదు. వాళ్ల లెక్కలో ఈయన జీతం 7 లక్షలే, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకిచ్చే పన్ను తగ్గింపు, అంటే రిబేటు వల్ల పన్ను సున్నా, టీడీఎస్ సున్నా. టీడీఎస్ లేదు కాబట్టి ఫారం 16 (జీతం, టీడీఎస్ వివరాలతో కంపెనీ ఇచ్చే కాగితం) ఇవ్వకపోనూ వచ్చు. ఇప్పుడు మొదటి ఫారం 16 ఒక్కటే అప్‌లోడ్ చేస్తే స్క్రీన్ మీద ఏం కనిపిస్తుంది? 40,950 రీఫండ్. రెండో జీతం కూడా కలిపితే? 40,950 ఇంకా కట్టాలి, దాని మీద నెలకి 1 శాతం చొప్పున వడ్డీ కూడా. రీఫండూ 40,950, బాకీ కూడా 40,950. లెక్క రెండుసార్లూ సరైనదే. దానికి మనం ఏం చెప్పాం, ఏం చెప్పలేదు అన్నదే తేడా.

ముందే నింపి ఉన్న గడిలోని అంకె ఎవరిది

2021 నవంబరు నుంచి పోర్టల్‌లో యాన్యువల్ ఇన్ఫర్మేషన్ స్టేట్‌మెంట్ వస్తోంది, అందరూ ఏఐఎస్ అంటారు. బ్యాంకులు, మ్యూచువల్ ఫండ్లు, కంపెనీలు, రిజిస్ట్రార్ ఆఫీసులు మన పాన్ మీద పంపిన సమాచారమంతా అందులో ఉంటుంది. ఇది వచ్చాక "వడ్డీ చూపించడం మర్చిపోయాను" అనే తప్పులు పట్టుకోవడం బాగా తేలికైంది.

పోయినేడు మా ఇంట్లో జరిగింది చెప్తాను. మా అమ్మ తన డబ్బుతో వేసుకున్న ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో, వీలుగా ఉంటుందని, మొదటి పేరు నాది పెట్టించింది. బ్యాంకు ఆ వడ్డీ మొత్తాన్ని నా పాన్ మీద పంపింది. రిటర్న్ తెరిస్తే "ఇతర ఆదాయం" గడిలో ఆ అంకె పైసలతో సహా కూర్చుని ఉంది. అది మా అమ్మ పాస్‌బుక్‌లో నేను చాలాసార్లు చూసిన అంకె కాబట్టి గుర్తుపట్టాను. లేకపోతే "కన్ఫర్మ్" నొక్కేసేవాణ్ణే. డబ్బు ఎవరిదో వడ్డీ వాళ్లది. ఇందులో మా అమ్మ శ్లాబు వేరు, నా శ్లాబు వేరు. ఏఐఎస్‌లోనే ఆ వరుస పక్కన అభ్యంతరం తెలిపే వీలుంది. ఈ వివరం వేరే పాన్‌కి చెందింది అని చెప్పొచ్చు.

దీనికే కొంచెం మెలిక తిప్పుదాం. ఆ డబ్బు నేనే మా అమ్మకి బహుమతిగా ఇచ్చి ఉంటే? అప్పుడు కూడా వడ్డీ అమ్మదే. అదే డబ్బు భార్యకి ఇచ్చి ఆమె పేరున డిపాజిట్ చేస్తే మాత్రం, 64వ సెక్షన్ ప్రకారం ఆ వడ్డీ తిరిగి భర్త ఆదాయంలోకే వస్తుంది. డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది అన్న ప్రశ్న నేను చూసిన ఏ ఫారంలోనూ లేదు. పాతకాలపు ఆడిటర్ గారు మాత్రం ఫారం 16 చేతికి తీసుకోకముందే "ఈ ఏడాది ఏమైనా అమ్మారా? కొన్నారా? ఎవరికైనా డబ్బు ఇచ్చారా?" అని అడుగుతారు. ఆయన ఫీజులో ఎక్కువ భాగం ఈ మూడు ప్రశ్నలకే ఇస్తున్నామని నా అభిప్రాయం.

నాన్నగారి స్థలం అమ్మితే: ఒకే అమ్మకం, మూడు పన్నులు

ఈ విషయం మన తెలుగు కుటుంబాల్లో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యేదే కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

నాన్నగారు 1995లో పట్టణంలో ఒక ఇంటి స్థలం 60 వేలకి కొన్నారు. 2015-16లో ఆయన పోయాక కొడుక్కి వచ్చింది. 2025-26లో 60 లక్షలకి అమ్మాడు. సాఫ్ట్‌వేర్ రెండు ప్రశ్నలు అడుగుతుంది: కొన్న తేదీ, కొన్న ధర. కొడుకు ఏమీ కొనలేదు. "నాకు ఊరికే వచ్చింది కదా" అని ధర దగ్గర సున్నా వేస్తే లాభం 60 లక్షలు. 12.5 శాతం చొప్పున పన్ను 7,50,000. సెస్, సర్‌ఛార్జి ఇక్కడ పక్కన పెడుతున్నాను.

చట్టం చెప్పేది అది కాదు. వారసత్వంగా వచ్చిన ఆస్తికి పాత యజమాని కొన్న ధరే మన ధర. 2001 ఏప్రిల్ 1కి ముందు కొన్నదైతే ఆ రోజు నాటి మార్కెట్ విలువ తీసుకోవచ్చు, అది అప్పటి స్టాంపు డ్యూటీ విలువని మించకూడదు. ఆ విలువ 15 లక్షలని తేలిందనుకుందాం. అప్పుడు లాభం 45 లక్షలు, 12.5 శాతం చొప్పున పన్ను 5,62,500.

ఇంకా ఉంది. 2024 జూలై 23కి ముందు సంపాదించిన భూమి, భవనాల విషయంలో దేశంలో నివసించే వ్యక్తులకి ఒక వెసులుబాటు ఉంది. ఇండెక్సేషన్‌తో 20 శాతం లెక్క వేసి, అది తక్కువైతే అంతే కట్టొచ్చు. ఇండెక్సేషన్ అంటే ధరల పెరుగుదలకి తగ్గట్టు పాత ధరని పెంచి చూడటం. 2001-02 సూచీ 100, 2015-16 సూచీ 254, 2025-26 సూచీ 376. ఏ ఏడాది నుంచి పెంచాలి? చట్టంలోని మాటలు చూస్తే, ఆస్తి అమ్మినవాడి చేతికి వచ్చిన ఏడాది నుంచి. అంటే 2015-16. అలా చూస్తే 15 లక్షలు సుమారు 22.2 లక్షలవుతుంది, పన్ను 7.5 లక్షలు దాటుతుంది, కాబట్టి పాత 5,62,500 దగ్గరే ఆగుతాం. కానీ బొంబాయి హైకోర్టు 2011లో ఇలాంటి సందర్భంలోనే, పాత యజమాని దగ్గరున్న కాలాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలని తీర్పిచ్చింది. ఆ దారిలో 2001-02 నుంచి పెంచితే 15 లక్షలు 56.4 లక్షలవుతుంది. లాభం 3.6 లక్షలు. పన్ను 72,000.

7,50,000. 5,62,500. 72,000. అమ్మిన స్థలం ఒకటే, చేతికొచ్చిన డబ్బు ఒకటే. వీటిలో మొదటిది తెలియక కట్టేది. రెండోదీ మూడోదీ చట్టాన్ని చదివే పద్ధతిలో ఉన్న తేడా. మూడో దారిలో వెళ్లాలంటే 2001 నాటి విలువకి ఆధారం, లింకు డాక్యుమెంట్లు, వారసత్వ ధ్రువీకరణ, తీర్పు మీద నిలబడి జవాబు రాయగల మనిషి కావాలి. అధికారి ఒప్పుకోకపోతే అప్పీలు దాకా వెళ్లే ఓపిక కూడా కావాలి.

అదే ఆస్తి పట్టణంలోని స్థలం కాకుండా పల్లెలో సాగుభూమి అయితే లెక్క మొదటికే మారిపోతుంది. గ్రామీణ వ్యవసాయ భూమి చట్టం దృష్టిలో మూలధన ఆస్తే కాదు, అమ్మితే ఈ పన్నే లేదు. గ్రామీణం అని దేన్నంటారు? మున్సిపాలిటీ హద్దు నుంచి దూరం చూస్తారు. ఆ పట్టణ జనాభా 10 వేల నుంచి లక్ష దాకా ఉంటే 2 కిలోమీటర్లు, 10 లక్షల దాకా ఉంటే 6, అంతకు మించితే 8 కిలోమీటర్ల అవతల ఉండాలి. ఆ దూరం రోడ్డు మీద కొలిచేది కాదు, సూటిగా గాలిలో గీత గీసినట్టు కొలిచేది. బస్సులో 9 కిలోమీటర్లున్న పొలం సూటిగా 7 కిలోమీటర్లే ఉండొచ్చు. ఈ సంగతి తెలిసిన మనిషి పక్కనుంటే కొన్ని లక్షల తేడా వస్తుంది.

సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ల అర్థమే చట్టం కాదు

పోర్టల్ ఒప్పుకుందంటే సరైనదే, ఒప్పుకోలేదంటే మనకి హక్కు లేదు అనుకోవడం సహజం. 2024లో జరిగింది చూస్తే అది అంత సులువు కాదని తెలుస్తుంది. తక్కువ ఆదాయం ఉన్నవాళ్ల పన్నుని సున్నా చేసే 87ఏ రిబేటు, షేర్ల మీద స్వల్పకాలిక లాభాలకి (కొన్న ఏడాదిలోపు అమ్మితే వచ్చేవి) కూడా వర్తిస్తుందని చాలామంది నమ్మారు. 2024 జూలై 5న శాఖ రిటర్న్ నింపే తన సాఫ్ట్‌వేర్‌లో (యుటిలిటీలో) మార్పు చేసింది. ఆ రోజు నుంచి అలాంటి లాభాల మీద రిబేటు అడగడానికే గడి ఒప్పుకోలేదు. అంతకు ముందు రోజు వేసినవాళ్లకి ఒప్పుకుంది. ముంబైలోని ఛాంబర్ ఆఫ్ ట్యాక్స్ కన్సల్టెంట్స్ బొంబాయి హైకోర్టుకి వెళ్లింది. రిబేటు వస్తుందా రాదా అన్నది అధికారులు, ట్రిబ్యునళ్లు తేల్చాల్సిన విషయమనీ, అడిగే హక్కునే సాఫ్ట్‌వేర్ గుమ్మం దగ్గర ఆపేయకూడదనీ కోర్టు 2025 జనవరిలో చెప్పింది. గడువు కూడా 2025 జనవరి 15 దాకా పొడిగించాల్సి వచ్చింది.

2025-26 ఆదాయానికి ఆ సందేహం లేదు. కొత్త విధానంలో, షేర్ల లాభం లాంటి ప్రత్యేక రేటు పడే ఆదాయానికి రిబేటు రాదని చట్టంలోనే రాసేశారు. "12 లక్షల దాకా పన్ను లేదు" అన్న మాట విన్నవాళ్లు ఇక్కడే తడబడుతున్నారు. డిడక్షన్ పోగా జీతం 9 లక్షలు, షేర్ల మీద స్వల్పకాలిక లాభం లక్ష ఉన్నవాళ్లకి జీతం మీద పన్ను రిబేటుతో సున్నా అవుతుంది. ఆ లక్ష మీద మాత్రం 20 శాతం, సెస్‌తో 20,800 కట్టాలి. దీన్ని సాఫ్ట్‌వేర్ సరిగ్గా చూపిస్తుంది. తప్పు చూపిస్తోందని కంగారుపడి అంకెలు మార్చకపోతే చాలు.

యూట్యూబ్, ఫ్రీలాన్స్ ఆదాయాల్లో ఈ చిక్కు ఇంకో రూపంలో వస్తుంది. ఏడాదికి 20 లక్షలు వచ్చాయనుకుందాం. ఆదాయాన్ని రాబడిలో ఇంత శాతమని అంచనాగా చూపే సెక్షన్లు రెండున్నాయి. దాన్ని 44ఏడీఏ కింద వృత్తి అంటే కనీసం సగం, 10 లక్షలు, ఆదాయంగా చూపాలి. 44ఏడీ కింద వ్యాపారం అంటే డిజిటల్ రాబడిలో కనీసం 6 శాతం, 1,20,000 చూపితే సరిపోతుంది. వీడియోలు చేయడం వృత్తా, వ్యాపారమా, అందులో కమిషన్ ఆదాయం ఎంత అన్నదాని మీద నిపుణులే రెండు రకాలుగా మాట్లాడుతున్నారు. మనం ఏ కోడ్ ఎంచుకుంటే సాఫ్ట్‌వేర్ దానికి తగ్గట్టు లెక్క కట్టి పెడుతుంది.

విదేశీ కంపెనీ షేర్లున్న ఉద్యోగులు

ఐటీ ఉద్యోగుల్లో చాలామందికి విదేశీ మాతృసంస్థ షేర్లు ఆర్‌ఎస్‌యూలుగా, అంటే జీతంలో భాగంగా వస్తాయి. 100 షేర్లు ఒక్కొక్కటి 10 వేల విలువ ఉన్న రోజు చేతికొస్తే ఆ 10 లక్షలూ జీతంలో కలిసి అప్పుడే పన్ను పడుతుంది. వాటిని 11 వేలకి అమ్మితే లాభం లక్షే. "నేనేమీ పెట్టి కొనలేదు" అని ధర సున్నా వేస్తే లాభం 11 లక్షలై, ఒకే 10 లక్షల మీద రెండుసార్లు పన్ను కట్టినట్టవుతుంది. వీళ్లకి ఐటీఆర్-1 అనే సులువైన రిటర్న్ ఫారం పనికిరాదు. అమ్మకపోయినా సరే ఆ షేర్లు రిటర్న్‌లోని విదేశీ ఆస్తుల పట్టిక, షెడ్యూల్ ఎఫ్ఏలో చూపించాలి. అక్కడ కాలం ఏప్రిల్ నుంచి మార్చి కాదు, జనవరి నుంచి డిసెంబరు. చూపకపోతే 2015 నాటి నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా దాకా వెళ్లొచ్చు. స్థిరాస్తి కాని విదేశీ ఆస్తులు మొత్తం 20 లక్షల లోపుంటే 2024 అక్టోబరు నుంచి ఆ జరిమానా వర్తించదు, చూపించాల్సిన బాధ్యత మాత్రం అలాగే ఉంది. మొదటి ఏడాది తెలిసినవాళ్ల చేత వేయించుకుని, ఆ కాపీ చూసి తర్వాతి ఏళ్లు సొంతంగా వేసుకుంటున్నవాళ్లు నాకు చాలామంది తెలుసు. అది బాగానే పనిచేస్తోంది.

ఆడిటర్ వైపు కూడా లోటుపాట్లున్నాయి

ఇప్పటిదాకా చదివితే ఆడిటర్ పక్షం వాదిస్తున్నట్టు అనిపించొచ్చు. జూలై చివరి వారంలో ఏ ఆఫీసులోనైనా వందల ఫైళ్లుంటాయి. మన ఫారం 16 ఒక అసిస్టెంట్ చేతిలో పడుతుంది, పోర్టల్‌లో ముందే నిండి ఉన్నదాన్ని ఆ అబ్బాయి సబ్మిట్ చేస్తాడు. ఆ ముఖ్యమైన ప్రశ్నలు ఎవరూ అడగరు. అప్పుడు మనం ఫీజు ఇచ్చి కొనుక్కున్నది ఉచితంగా దొరికే పనే. పైగా మన డబ్బు లెక్క మనకి తెలియకుండా పోతుంది. పదేళ్లుగా రిటర్నులు వేయిస్తూ ఒక్కసారి కూడా తెరిచి చూడనివాళ్లు ఉన్నారు. వాళ్ల ఐడీకి ఇచ్చిన ఫోన్ నంబరు, ఈమెయిల్ కూడా ఆ ఆఫీసువే. నోటీసు వస్తే అక్కడికే పోతుంది.

ఇంతకంటే ప్రమాదం "రీఫండ్ ఇప్పిస్తాం" అనేవాళ్లతో. రీఫండ్‌లో వాటా తీసుకుని, లేని ఇంటద్దె, కట్టని బీమా, రాజకీయ పార్టీలకి ఇవ్వని విరాళాలు చూపిస్తారు. 2025 జూలై 14న ఆదాయపు పన్ను శాఖ దేశవ్యాప్తంగా ఇలాంటి 150 చోట్ల తనిఖీలు చేసింది. అప్పటికి నాలుగు నెలల్లో సుమారు 40 వేల మంది తమంతట తామే రిటర్నులు సరిచేసుకుని 1,045 కోట్ల తప్పుడు క్లెయిములు వెనక్కి తీసుకున్నారని ప్రకటించింది. వాళ్లలో ఎందరు తెలిసి చేశారో, ఎందరు నమ్మి సంతకం పెట్టారో తలుచుకుంటే నాకు బాధగానే ఉంటుంది. ఎందుకంటే చట్టం ఆ తేడా పెద్దగా చూడదు.

సంతకం ఎవరిదో జవాబు వాళ్లదే

రిటర్న్ చివర్లో "పైన చెప్పినవన్నీ నాకు తెలిసినంతవరకు నిజం" అనే మాట ఉంటుంది. ఆధార్ ఓటీపీ చెప్పిన క్షణంలో ఆ మాట అన్నది మనమే. ఆదాయం తక్కువ చూపితే ఎగ్గొట్టిన పన్నులో 50 శాతం, తప్పుడు సమాచారం ఇస్తే 200 శాతం జరిమానా 270ఏ కింద మన మీదే పడుతుంది. సాఫ్ట్‌వేర్ కంపెనీ నిబంధనల్లో ఆ బాధ్యత తమది కాదని రాసుకుంటుంది. సీఏ పొరపాటు చేస్తే ఆయన మీద ఫిర్యాదు చేయొచ్చు గానీ పన్ను మాత్రం మనమే కట్టాలి.

తేడా కనిపించేది నోటీసు వచ్చాకే. నోటీసుల్లో చాలావరకు భయపడాల్సినవి కావు. 143(1) కింద వచ్చేది ప్రాసెసింగ్ ఫలితం మాత్రమే, మన అంకె, వాళ్ల అంకె రెండు వరుసల్లో ఉంటాయి. 139(9) అంటే రిటర్న్‌లో లోపం ఉంది, సరిచేయమని. ఈ రెండూ ఓపిగ్గా చదివితే చాలామందికి అర్థమవుతాయి. 143(2) వస్తే అది స్క్రూటినీ, అంటే లోతైన పరిశీలన. అక్కడ ఆధారాలు అడుగుతారు, జవాబులన్నీ ఆన్‌లైన్‌లో రాతపూర్వకంగా ఇవ్వాలి, ఎదురుగా కూర్చుని వివరించే అధికారి ఉండడు. రాసే విధానమే కేసు. అలాంటప్పుడు పెదనాన్న అన్న మాట పూర్తిగా నిజమవుతుంది.

తప్పు మనకే ముందుగా కనిపిస్తే గడువులోగా రివైజ్డ్ రిటర్న్ వేయొచ్చు. ఆ గడువూ దాటితే అసెస్‌మెంట్ ఇయర్ ముగిశాక 48 నెలల దాకా అప్‌డేటెడ్ రిటర్న్ ఉంది. దానికి ఆలస్యాన్ని బట్టి 25 నుంచి 70 శాతం అదనపు పన్ను కట్టాలి. దానితో పన్ను పెంచుకోవచ్చే గానీ తగ్గించుకోలేం, రీఫండ్ అడగలేం. నాన్నగారి స్థలానికి 7,50,000 కట్టేసిన కొడుక్కి రివైజ్డ్ గడువు దాటితే ఆ తలుపు కూడా దాదాపు మూసుకుపోయినట్టే.

ఒకే మనిషి, ఒక్కో ఏడాది ఒక్కో రకం

జీతం, బ్యాంకు వడ్డీ తప్ప ఇంకేమీ లేని ఏడాదిలో పోర్టల్ సరిపోతుంది. పెన్షన్ తీసుకునే పెద్దవాళ్లలో ఎక్కువమందికి కూడా అంతే. అదే మనిషి స్థలం అమ్మిన ఏడాది వేరే కోవలోకి వెళ్తాడు. షేర్ మార్కెట్లో ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్) ట్రేడింగ్ మొదలుపెట్టిన ఏడాది కూడా అంతే. అందులో నష్టమొస్తే అది వ్యాపార నష్టం, ఐటీఆర్-3 ఫారంలో చూపించాలి. గడువులోగా వేస్తేనే తర్వాతి 8 ఏళ్ల లాభాల్లోంచి మినహాయించుకోవచ్చు. నష్టమే కదా అని వదిలేసినవాళ్లు ఆ హక్కు పోగొట్టుకుంటారు.

కొందరు మధ్యేమార్గంగా రిటర్న్ మొత్తం తామే నింపి, సబ్మిట్ చేయకుండా ఆ ముసాయిదా తీసుకుని మే నెలలోనో జూన్‌లోనో సీఏ దగ్గర అరగంట కూర్చుంటారు. జూలై చివర్లో దొరకని తీరిక అప్పుడు దొరుకుతుంది. అడగాల్సిన ప్రశ్నలు కూడా రాసుకుని వెళ్తారు.

స్థలం అమ్మిన కొడుకు మరుసటి ఏడాది మళ్లీ మామూలు జీతగాడే. అయితే పన్ను మినహాయింపు కోసం ఆ డబ్బు ఇంటికి పెట్టి ఉంటే, ఆ ఇంటిని 3 ఏళ్లలోపు అమ్మకూడదు, అమ్మితే మినహాయింపు వెనక్కి పోతుంది. ఇల్లు కొనేదాకా డబ్బుని క్యాపిటల్ గెయిన్స్ ఖాతాలో ఉంచి గడువులోగా వాడకపోతే, వాడని మొత్తం మీద అప్పుడు పన్ను పడుతుంది. ఆ మూడో ఏడాది కొత్త సాఫ్ట్‌వేర్ తెరిచినప్పుడు ఈ పాత సంగతి అందులో ఎక్కడా ఉండదు. పోయినసారి రిటర్న్ కాపీ, లెక్క వేసిన కాగితం, బ్యాంకు ఖాతా పుస్తకం బీరువాలో ఒకేచోట ఉంటే ఆయనకైనా, ఆయన ఆడిటర్‌కైనా అక్కడి నుంచే దారి దొరుకుతుంది.